ఒకే చీలికలో రెండు చుక్కలు

ఆకాశంలో రెండు చుక్కలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్నట్లు కనిపిస్తే, అవి నిజంగానే ఇరుగుపొరుగువని మీకెవరు చెప్పారు? కొలిచి చూసినవాళ్లు చెప్పారా, లేక గొంతు పెద్దదిగా ఉన్నవాళ్లు చెప్పారా?

పోయిన వారం బాన్సువాడ బస్టాండులో రుద్రూర్ బస్సు కోసం కూర్చున్నప్పుడు ఈ ప్రశ్నే నా పక్కనున్న ఒక పెద్దమనిషిని అడిగాను. ఆయన ఫోనులో ఎవరో, రెండు గ్రహాలు ఒకచోటికి చేరాయి కాబట్టి ఫలానా రాశివారు ఈ నెలంతా కొత్త పని మొదలుపెట్టవద్దని, సందేహానికి చోటే లేని గొంతుతో చెబుతున్నాడు. ఆ రెండింటి మధ్య కోట్ల కిలోమీటర్ల ఎడం ఉంటుందని నేనంటే ఆ పెద్దమనిషి నన్ను ఎగాదిగా చూసి, "గంత ధీమాగ చెప్తుండంటె ఊకెనే చెప్తడా అమ్మా" అని, బస్సు రాగానే లేచి ఎక్కేశాడు. అదే బస్సు నేనూ ఎక్కాలి. ఎక్కలేదు. నాకు కోపం రావలసిన చోట సిగ్గు వచ్చింది, ఎందుకంటే ఆ ఫోనులోని ధీమాలో నాకు ఒకప్పటి నా సొంత గొంతే వినిపించింది.

నా ఈడువారికి ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. తొంభైలలో నేను బాన్సువాడలో జూనియర్ కాలేజీ పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పేదాన్ని. పొద్దంతా పాఠం, సాయంత్రం వాదం, అదే నా బతుకు. అంగడి రోజున సరుకులు కొనడానికి చుట్టుపక్కల ఊళ్లనుంచి వచ్చిన జనం ఇళ్లకు మళ్లేముందు, ఒక రైసుమిల్లు ముందర వడ్లు ఆరబోసే సిమెంటు గచ్చు మీద మా చర్చ నడిచేది. దాన్ని మొదలుపెట్టింది రిటైరైన ఒక హెడ్మాస్టరుగారు. అందరం ఆయన్ను పెద్దసారు అనేవాళ్లం. దయ్యాలు, దిష్టి, వాస్తు, జాతకం, ఆడపిల్ల చదువు, ఒకటని కాదు, ఆ గచ్చు మీద నలగని విషయం లేదు. అలసిపోయిన రైతులు, కూలికి వెళ్లివచ్చిన ఆడవాళ్లు, సంచులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని వినేవారంటే ఇప్పటి వారు నమ్మకపోవచ్చు.

పెద్దసారు మాకు రెండు సంగతులు నేర్పారు. ఒకటి, ఎదుటివారి మాటకు జవాబు చెప్పేముందు, ఆ మాటను మన నోటితో, వారు "అవును, నేనన్నది అదే" అని ఒప్పుకునేలా తిరిగి చెప్పాలి. వారు ఒప్పుకోకపోతే మళ్లీ చెప్పాలి. ఒప్పుకున్నాకే జవాబు. దీన్ని ఎవరైనా దాటబోతే ఆయన గొడుగు కొనతో గచ్చు మీద టక్కున కొట్టేవారు. రెండోది, గచ్చు మీద నిలబడ్డాక "తెలియదు" అనే మాట నోట రాకూడదు, అది విన్నారంటే జనం లేచి బస్సుకు పోతారు అని. మొదటిది నన్ను మనిషిని చేసింది. రెండోది నన్ను దాదాపు పాడుచేసింది. ఆయన మీద గౌరవం ఇసుమంతైనా తగ్గకుండానే ఈ మాట రాస్తున్నాను.

నాకు ఎదురుగా ఎప్పుడూ నిలబడేది పంచాంగం చెప్పే ఒక అయ్యగారు. పాత స్కూటరు మీద కండువా ఎగరేసుకుంటూ వచ్చేవారు. చర్చ రోజు ఎక్కడా పెళ్లి చేయించడానికి ఒప్పుకోరని జనం చెప్పుకునేవారు. "మేడం, నా పంచాంగం ఏడాదికి ఒక్కసారే మారుతది, మీ సైన్సు నెలకోపారి మారుతది, ఇగ జనం ఏది నమ్మాలె" అని నవ్వుతూనే పొడిచేవారు. ఆయన్ను ఓడించాలని నాకు ఎంత పంతం ఉండేదంటే, కాలేజీ లైబ్రరీకి వచ్చే ఇంగ్లీషు సైన్సు పత్రికలు పిల్లల కోసం కాక ఆయన కోసమే చదివేదాన్ని.

అలా చదువుతున్నప్పుడే ఒక పత్రికలో ఆ బొమ్మ చూశాను. నల్లటి చదరం, మధ్యలో పక్కపక్కనే రెండు తెల్లటి చుక్కలు. అవి నక్షత్రాలు కావు, క్వేసార్లు. ఎంతో దూరాన ఉన్న ఒక గెలాక్సీ నడిబొడ్డున పెద్ద కృష్ణబిలం ఒకటి తన చుట్టూ ఉన్నదాన్నంతా మింగుతుంటే, ఆ పదార్థం కాగి వెదజల్లే వెలుగే క్వేసారు. దూరం వల్ల ఒట్టి చుక్కలా కనిపిస్తుంది. ఆ రెండు చుక్కల మధ్య ఎడం ఎంత తక్కువంటే, అరకిలోమీటరు దూరంలో పక్కపక్కన పెట్టిన రెండు వడ్లగింజలను ఇక్కడినుంచి చూస్తే ఎంత ఎడం కనిపిస్తుందో అంత. ఉన్నది ఒకే క్వేసారు కావచ్చని, దారిలో అడ్డున్న మరో గెలాక్సీ తన బరువుతో ఆ వెలుగును వంచడం వల్ల రెండు దారుల్లో వచ్చి మనకు రెండుగా కనిపిస్తుండవచ్చని, అయితే అది తేల్చే పరిశీలన ఇంకా జరగలేదని ఆ వ్యాసంలో ఉంది. అలాంటి వింతలు ఆకాశంలో నిజంగానే ఉన్నాయి, కొన్నింటిని కొలిచి తేల్చారు కూడా. కానీ ఈ జంట సంగతి తేలలేదు.

నేను తేల్చేశాను. చదివిన రాత్రి నిద్రపట్టలేదు, అంత సంబరం. కంటికి రెండుగా కనిపించేది ఒకటే అయితే, కంటికి కనిపించినదాన్ని పట్టుకుని జాతకాలు రాసే అయ్యగారి పని అయిపోయినట్లే కదా అనుకున్నాను. 'చూపు చేసే మోసం' అని పదహారు పేజీల చిన్న పుస్తకం రాసి, ఆ బొమ్మ అట్టమీద వేసి, రుద్రూర్ నుంచి మహమ్మద్ నగర్ దాకా బడులన్నింటికీ పంచాం. "ఈ రెండూ ఒకటేనని శాస్త్రజ్ఞులు రుజువు చేశారు" అని అందులో రాశాను. అబద్ధం రాస్తున్నానని అప్పుడు నాకు అనిపించనేలేదు, వాదానికి కాస్త బలం ఇస్తున్నాననుకున్నాను. ఇలాంటి తప్పు మూఢనమ్మకం ఉన్నవాళ్లు చేయరు, మాలాగా దానితో పోట్లాడేవాళ్లే చేస్తారు.

ఆ పుస్తకాన్ని అందరికన్నా ఎక్కువసార్లు చదివింది మా అక్క బిడ్డ. అక్కావాళ్లది మహమ్మద్ నగర్ దగ్గర వరి, చెరుకు వేసే సేద్యం. బావ మాటకారి. నన్ను పంతులమ్మ అని ఆటపట్టించనిదే ఆయనకు చాయ్ దిగేది కాదు. ఆ పిల్ల హైదరాబాదులో ఎమ్మెస్సీ చదివి, ఆరు నెలల ప్రాజెక్టు కోసం తమిళనాడు కొండల్లో ఆకాశాన్ని పరిశీలించే ఒక వేధశాలకు వెళ్తానన్నప్పుడు బావ ససేమిరా అన్నాడు. ఊరు కాని ఊరు, భాష కాని భాష, పైగా రాత్రిపూట పని. నేను పూచీ ఉంటానంటే ఒప్పుకున్నాడు. ఆరు నెలలయ్యాక ఆమె ఇంటికి వచ్చింది, చేతిలో ఒక ఉత్తరం. పరిశోధనకు అయిదేళ్లు అక్కడే ఉండవచ్చు, వారం రోజుల్లో సమాధానం రాయాలి. పంపాలా వద్దా అనేది బావ మాట మీద ఉంది, బావ మాట నా మాట మీద ఉంది.

బాన్సువాడలో మా వంటింట్లోకి వచ్చి, పొయ్యిమీద చాయ్ మరుగుతుండగా, బియ్యం డబ్బా మూత మీద ఆమె ఒక కాగితం పరిచింది. నా పుస్తకం అట్టమీది జంటనే చూద్దామని అక్కడి సారును బతిమాలిందట. నేను రాసింది నిజమని కొలిచి, ఆ కొలతను నాకు కానుకగా తేవాలని ఆమె ఆశ. కాగితం మీద రెండు వంకర గీతలు, ఒక్కొక్క చుక్క వెలుగును రంగులుగా విడదీసి గీసినవి. ఒక గీతలో ఎత్తుగా లేచిన గుబ్బ ఒకచోట ఉంటే, రెండో గీతలో అదే గుబ్బ బాగా పక్కకు జరిగి ఉంది. వెలుగు ఎంత దూరం నుంచి వస్తే ఆ గుర్తులు అంతగా ఎరుపు వైపుకు జరుగుతాయి. ఒకే క్వేసారయితే రెండు గీతల్లోనూ ఒకేచోట ఉండాలి.

"చిన్నమ్మ, గివి ఒకటి కాదు. రెండు. ఒకటి రెండోదానికంటె చాన వెనుక ఉన్నది. మనకు ఊకె పక్కపక్కన కనవడుతున్నయి" అంది, నాకేదో దెబ్బ తగులుతుందని భయపడుతున్నట్లు మెల్లగా.

నేనేమన్నానో రాయడానికి ఇప్పటికీ చెయ్యి వెనకాడుతుంది. వచ్చే అంగడి రోజు గచ్చు మీద చర్చ నా పుస్తకం మీదే, అది దాటేదాకా ఈ సంగతి ఎవరికీ చెప్పవద్దన్నాను. ఆమె కాగితం మడిచి పెట్టుకుంది. మర్నాడు బావ బండిమీద వచ్చాడు. "ఏంది మరదలా, మా పిల్ల గాడ ఆర్నెల్లు ఏం జేసింది? నాకు తెల్వదు, నువ్వు సదివినదానివి. అది జేసిన పని సక్కగున్నదని నువ్వంటె పంపుత, లేదంటె ఇగ సాలు" అన్నాడు. పిల్ల ఇంకా నేర్చుకుంటోంది బావా, లెక్కలో ఎక్కడో పొరపాటు పడినట్లుంది అన్నాను. "గట్లనా" అన్నాడు, అంతే. ఆ తర్వాత రెండు రోజులకు అక్క వచ్చి, పిల్ల ట్రంకుపెట్టె విప్పి బట్టలన్నీ తిరిగి అల్మారాలో పెట్టుకుంటోందని, రాలేనని ఉత్తరం రాయమని బావ అన్నాడని చెప్పింది. తర్వాత సర్దిచెప్పవచ్చులే, ముందు చర్చ గడవనీ అనుకున్నాను. నా పుస్తకం పరువుకు ఆ పిల్ల అయిదేళ్లు ఖరీదని నాకు తెలుసు. తెలిసే అనుకున్నాను.

అంగడి రోజు గచ్చు నిండింది. బావ వెనక వరసలో, పక్కన పిల్ల. అయ్యగారు నా పుస్తకమే పట్టుకువచ్చారు. నియమం ప్రకారం ముందు నా వాదాన్ని నాకన్నా చక్కగా తిరిగి చెప్పి, నాతో అవుననిపించుకుని, ఆ తర్వాత అడిగారు, రెండు చుక్కలు ఒకటేననడానికి రుజువేమిటని. పెద్ద దూరదర్శినులతో చూసి తేల్చారని నేను ధీమాగా అన్నాను. ఆయన నాతో వాదించలేదు. వెనక వరస వైపు తిరిగి, "గా దూరదర్శిని కాడికెళ్లి వచ్చిన బిడ్డ గీడ్నే ఉన్నది కద, ఆమెనే చెప్పమనుండ్రి" అన్నారు.

పిల్ల లేవలేదు, నావైపే చూసింది. "లేవు బిడ్డా, పెద్దోళ్లు అడుగుతుండ్రు" అని బావే అన్నాడు. ఆమె లేచింది. తాము ఆ జంటను చూశామని, రెండు వెలుగులు ఒకదానితో ఒకటి కలవలేదని, కాబట్టి అవి రెండు వేర్వేరు క్వేసార్లని నాలుగు మాటల్లో చెప్పి ఆగిపోయింది. పెద్దసారు గొడుగు టక్కుమంది. జవాబు చెప్పవలసింది నేను, కానీ ముందు ఆమె మాటను తిరిగి చెప్పాలి.

ఈ పిల్ల ఒక చుక్కను ఒక రాత్రి, ఇంకో చుక్కను ఇంకో రాత్రి చూసి పోల్చిందని, రాత్రి రాత్రికీ యంత్రం తీరు మారుతుందని అన్నాను. అలా అంటే పడగొట్టడం సులువు.

"కాదు చిన్నమ్మ, నేను గట్ల అనలే. యంత్రం ముందట సన్నని చీలిక ఉంటది. రెండు చుక్కలు ఆ ఒక్క చీలికల వడేటట్టు తిప్పిపెట్టి, ఒక్కటేసారి చూసినం."

యంత్రం ఎన్నడూ తప్పు చేయదని ఆమె నమ్మకమని రెండోసారి అన్నాను.

"గదిగూడ అనలే. యంత్రం తప్పు జెయ్యొచ్చు. జేస్తె రెండింటికి ఒక్కతీరుగ జేస్తది. నడుమ తేడా అట్లనే ఉంటది కద."

జనంలో నవ్వు మొదలైంది. వెనకనుంచి బావ గొంతు వినిపించింది. "అంటె ఒక్క కాంటా మీదనే రెండు బండ్ల చెరుకు జోకినట్టు. కాంటా తప్పున్నాగని, ఏ బండి బరువో తెల్వనే తెలుస్తది. గంతేనా బిడ్డా?"

"గంతే బాపు."

మూడోసారి నేను సరిగ్గా చెప్పాను. చెప్పక తప్పలేదు, ఆమె ఒప్పుకోనిదే అడుగు ముందుకు పడదు. ఒకే చీలికలో, ఒకేసారి, ఒకే యంత్రంతో చూసిన రెండు వెలుగుల గుర్తులు వేరువేరు చోట్ల ఉన్నాయి, యంత్రం తప్పయినా ఆ తేడా పోదు, కనుక అవి ఒకటి కావు. నా నోటితో నేనే ఆ మాట అంటూ వింటుంటే, అందులో వేలు పెట్టడానికి సందు ఎక్కడా లేదని వాక్యం సగంలో ఉండగానే తెలిసిపోయింది. "అవును చిన్నమ్మ, నేనన్నది గదే" అంది పిల్ల. ఇక జవాబు చెప్పమన్నారు పెద్దసారు.

జవాబు లేదన్నాను. నా పుస్తకంలో రాసింది తప్పని, ఇంకా తేలనిదాన్ని తేలిందని రాశానని, ఈ పిల్ల కొలిచిందే నిజమని, మొన్న బావతో ఈమె పొరపాటు పడిందన్నది కూడా అబద్ధమేనని, అది నా పరువు కోసం ఆడిన అబద్ధమని చెప్పాను. తల దించుకుని నిలబడ్డాను, జనం లేచి బస్సులకు పోతారని. ఒక్కరూ లేవలేదు.

అయ్యగారు మాత్రం ఊరుకుంటారా. "అంటె రెండు రెండేనని నేననుకున్నదే నిలవడ్డది కద మేడం" అన్నారు మీసాల్లో నవ్వుతూ. నేను నోరు తెరిచేలోగా పిల్లే అందుకుంది. "మీరు చూడకుంట అన్నరు అయ్యగారూ. నేను చూసి అన్న." గచ్చంతా నవ్వింది, అయ్యగారు కూడా కండువాతో మెడ తుడుచుకుంటూ నవ్వారు. ఆ ఒక్క మాటలో ఉన్న పదును నా పదహారు పేజీల్లో లేదు. ఆయన పంచాంగం మీద నా అభిప్రాయం అప్పుడూ మారలేదు, ఇప్పుడూ మారలేదు. కానీ ఆ పిల్లను లేపి నిలబెట్టిన మనిషి ఆయనే, ఆ ఉపకారం నేను మరిచిపోను.

గచ్చు బయట చాయ్ హోటలు దగ్గర బావ ముగ్గురికీ చాయ్ చెప్పాడు. ఆ తర్వాత గ్లాసు కింద పెట్టి, "సొంత చిన్నమ్మనే నలుగురిల నిలవెట్టి తప్పన్నది. గీ పిల్లను ఇంట్ల వెట్టుకుంటె రేపు నన్ను గూడ నిలవెడ్తది. పంపుడే మంచిది మరదలా" అన్నాడు. పిల్ల అటు తిరిగి కళ్లు తుడుచుకుంది. ఆ సాయంత్రమే వస్తున్నానని ఉత్తరం రాసింది.

ఆమె వెళ్లేలోగా మిగిలిన నాలుగు రోజులూ ఇద్దరం కలిసి బడులు తిరిగాం. "ఈ పేజీలో రాసింది తప్పు, కొలిచి చూస్తే ఇవి రెండు వేర్వేరు క్వేసార్లని తేలింది" అని అచ్చువేయించిన చీటీలను మైదాపిండి ఉడికించిన లైతో పుస్తకాల్లో అంటించాం. ఒక బడిలో పంతులుగారు, ఎవరు చదువుతారని ఈ శ్రమంతా అని విసుక్కుంటే, పిల్ల చేతులకంటిన లై గీక్కుంటూ, ఒక్కరు చదివినా చాలు సార్ అంది. ఆ పుస్తకం చదివి ఆకాశం వైపు చూసిన ఒక్కరు ఆమే.

రెండువేల సంవత్సరం దాటాక, ఆమె డాక్టరేటు ముగింపుకొచ్చిన రోజుల్లో, ఒకసారి నన్ను అక్కడికి పిలిపించుకుంది. దూరదర్శినిలో కన్ను పెట్టి చూస్తారనుకున్నాను. అలా కాదట. చలికి మంకీక్యాపులు పెట్టుకున్న నలుగురు పక్కగదిలో ఒక కంప్యూటరు ముందు కూర్చుంటారు. మొదటి రెండు రాత్రులూ మబ్బు పట్టి ఫ్లాస్కులో చాయ్ తాగడంతోనే గడిచిపోయాయి. మూడోరాత్రి మబ్బు విడిచింది. తెరమీద బూడిదరంగు మచ్చలు రెండు మెల్లగా తేలాయి, కొత్త జంట, ఇంతవరకు ఎవరూ కొలవనిది. వందల కోట్ల ఏళ్ల కింద బయల్దేరిన వెలుగు మా ముందు చలిలో వచ్చి వాలుతోంది. ఇవి ఒకటా, రెండా, పక్కపక్కన ఉన్నవా, ఊరికే అలా కనిపిస్తున్నవా అని అడిగాను. "తెల్వదు చిన్నమ్మ, ఇంక చూడాలె" అంది, తన పెద్దల ముందు, చలికి చేతులు రుద్దుకుంటూ, ఏ బెరుకూ లేకుండా. ఆ మాట అంత తేలిగ్గా, అంత హాయిగా అనవచ్చని నాకు నలభై ఏళ్లు దాటాక ఆ గదిలో తెలిసింది.

ఇప్పుడు ఆ మిల్లు ఉన్నచోట ఫంక్షన్ హాలు ఉంది. పెద్దసారు లేరు, అయ్యగారూ లేరు. ఆ గచ్చు మీద నాతో పోట్లాడిన వారందరికీ, చెరుకు కాంటాతో ఖగోళశాస్త్రం తేల్చిన మా బావకూ, నన్ను ఓడించి నిలబెట్టిన ఆ పిల్లకూ నేను రుణపడి ఉన్నాను. అప్పట్లో తప్పు చెబితే చెప్పిన చోటే, విన్నవారి ముందే నిలబడాల్సి వచ్చేది. ఇప్పుడు తప్పు ఒక్క రాత్రిలో వేల ఫోన్లకు పోతుంది, పంపినవారు తెల్లారి దాన్ని చడీచప్పుడు లేకుండా చెరిపేస్తారు. దాని కింద నలిగిన మనిషి సంగతి ఎవరికీ పట్టదు.

మీ ఇంట్లోనో, ఆఫీసులోనో, బడిలోనో, మీకన్నా చిన్నవారెవరైనా కొలిచి తెచ్చిన నిజాన్ని మీరు మీ పరువు కోసం పొరపాటన్నారా? అన్నారని మీకు తెలుసు, వారికీ తెలుసు. అయితే ఈ పేజీ పక్కన పెట్టి లేవండి. ఆ మాట ఎవరెవరు వినగా అన్నారో వారందరినీ పిలవండి. వంటింట్లో ఆ పిల్ల చెవిలో చెప్పి సరిపెట్టుకోవద్దు. ఆమె మాట నిజమని, మీ మాట తప్పని, వారందరూ వినేలా చెప్పండి. ఈరోజే చెప్పండి, ఆమె రాయవలసిన ఉత్తరానికి గడువు ఇంకా మిగిలి ఉండగానే.